ఎనిమిదో నంబరు

"ఇతనికి పనీ పాటా లేదా?" అంటూ పృథ్వీ తెర మీది వక్త మీద విరుచుకుపడ్డాడు.

తెలీబంధా పేటలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శుక్రవారం భోజనాలయ్యాక అందరూ కలిసి ఏదో ఒక కాన్ఫరెన్స్ వీడియో చూడడం, చూసి తగువులాడుకోవడం రివాజు. ఈ వారం తగువు, ప్రోగ్రాం రాయడానికి ఇటరేటర్లు మేలా, రేంజ్‌లు మేలా అని.

వక్త బోర్డు మీద వరసగా పెట్టెలు గీశాడు. మొదటి పెట్టె మీద ఒక బాణం. ఆఖరి పెట్టె దాటాక, ఖాళీ చోట ఇంకో బాణం. ఈ రెండు బాణాల మధ్య ఉన్నవన్నీ చూసి రమ్మని కంప్యూటర్‌కి చెప్పడం ఇటరేటర్ల పద్ధతి. బాణాల గొడవ లేకుండా వరస మొత్తాన్నీ దాని చేతిలో పెట్టేయడం రేంజ్ పద్ధతి.

"రెండు బాణాలుంటే ఎప్పుడో ఒకప్పుడు ఒకటి తప్పు పెడతాం. వరస మొత్తం ఇచ్చేస్తే ఆ టెన్షనే లేదు," అంది టీమ్ లీడర్ త్రివేణి.

"ఎవరు పెడతారు మేడమ్ తప్పు? పదేళ్ళుగా బాణాలతోనే రాస్తున్నా. ఒక్క కంప్లయింట్ వచ్చిందా? చేతకాని వాళ్ళ కోసం కొత్త ఫ్యాషన్లు!" అన్నాడు పృథ్వీ.

"బాబూ..." అన్న పిలుపు వినబడింది.

గుమ్మంలో ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి. యాభై దాటి ఉంటాయి.

"నా పేరు కోటయ్య. ఉర్లా రోలింగ్ మిల్లు పని మీద వచ్చాను. మీ గ్యాస్ అలారం స్క్రీన్‌లో ఎనిమిదో నంబరు పని సెయ్యట్లేదు బాబూ."

ఆ మిల్లులో ఇనుము కాల్చే కొలిమి చుట్టూ ఎనిమిది చోట్ల గ్యాస్ సెన్సర్లున్నాయి. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. ఎక్కడ లీకైతే తెర మీద ఆ నంబరు ఎర్రబడి సైరన్ మోగాలి. ఆ ప్రోగ్రాం రాసింది పృథ్వీయే.

ఇంకేముంది, మనవాడికి ఒళ్ళు మండిపోయింది.

"కంప్లయింట్ ఉంటే మెయిల్ చెయ్యాలి. ఇలా మీద పడిపోవడమేనా?"

"మూడుసార్లు రాయించాను బాబూ. అంతా సవ్యంగా ఉందని జవాబొచ్చింది."

ఆ జవాబు రాసిందీ పృథ్వీయే. మూడుసార్లూ ప్రోగ్రాం తెరిచి చూసిన పాపాన పోలేదు.

"మరి ఉన్నట్టే కదా! సెన్సర్ ఖరాబై ఉంటుంది. అమ్మినవాళ్ళని అడుగు."

"సెన్సర్ బాగుంది బాబూ. లీకైనప్పుడు దాని మీది సిన్న దీపం ఎర్రగా ఎలుగుతాది. మీ స్క్రీన్ మీద మాత్రం హమేషా పచ్చే."

"ఎంతవరకు చదివావ్ నువ్వు?"

"ఏడు బాబూ."

కోటయ్యకి కుర్చీ చూపించినవాడు లేడు. ఆయన నిలబడ్డ చోటి నుంచే తెర మీది పెట్టెల వంక కాసేపు చూశాడు.

"బాబూ, ఆ రెండో బాణం ఖాళీ సోట కాకుండా ఆఖరి పెట్టె మీదే పెట్టేస్తే ఏటవుద్ది?"

"ఆఖరి పెట్టెని చూడకుండానే ఆగిపోతుంది. అంత బుద్ధిలేని పని ఎవడు చేస్తాడు?"

"మా ఎనిమిదోది కూడా ఆఖరిదే బాబూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో పృథ్వీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అరే భాయ్, ఏడో క్లాసు చదివి నాకు కోడ్ నేర్పుతావా? ఛలో, నడువు బయటికి!"

"ఎల్తాను బాబూ, కోప్పడకండి. అక్కడ మనుషులు పన్జేస్తారు. ఒక్కసారి తెరిసి సూడండి, సాలు."

కోటయ్య మెట్లు దిగిపోయాడు.

"పోనీ చూడరాదూ?" అంది త్రివేణి మెల్లగా.

"చూస్తా! చూసి, ఇలాంటివాళ్ళని మా మీదికి తోలొద్దని ఆ మిల్లుకి గట్టిగా రాస్తా!"

పృథ్వీ టకటకా కీబోర్డు కొట్టి ప్రోగ్రాం తెరిచాడు.

మొదటి బాణం ఒకటో నంబరు మీద ఉంది.

రెండో బాణం సరిగ్గా ఎనిమిదో నంబరు మీద ఉంది.

ప్రోగ్రాం ఏడింటిని చూసి తిరిగొచ్చేస్తోంది. ఎనిమిదోదాన్ని అడిగే దిక్కే లేదు. మొదట్లో వేసిన పచ్చరంగు దాని మీద అలాగే ఉండిపోయింది. బిగించిన రోజు ఒకటో నంబరు దగ్గర మాత్రం పరీక్షించి, సైరన్ మోగగానే స్వీట్లు తిని వచ్చేశారు మహానుభావులు!

పృథ్వీ వెంటనే మిల్లుకి ఫోన్ చేశాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి నాగబాబు ఎత్తాడు.

"సార్, ఎనిమిదో నంబరు దగ్గర ఎవరూ ఉండకూడదు. ముందు పంపెయ్యండి! ప్రోగ్రాం తప్పు. నా తప్పు."

అవతల కేకలు, పరుగులు. కాసేపటికి నాగబాబు రొప్పుతూ మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"ముగ్గురుంటే పంపేశాను సార్. దేవుడి దయ, ఇప్పుడు లీకు లేదు. ఎలా కనిపెట్టారు?"

"మేం కాదు, మీ కోటయ్యగారు వచ్చి చెప్పారు. ఆయనకి ఒక్కసారి ఫోనివ్వండి. క్షమాపణ అడగాలి."

నాగబాబు గొంతు తగ్గించాడు.

"కోటయ్య వచ్చాడా? తన ఉద్యోగం మాటేమైనా ఎత్తాడా సార్?"

"ఉద్యోగమా? లేదే. ఎనిమిదో నంబరు తప్ప ఇంకో మాట అనలేదు."

"క్వార్టర్ ఖాళీ చేయించారు సార్. ఇవాళ్టి బండికి ఊరెళ్ళిపోతున్నాడు. ఫోను కూడా కంపెనీదే, తీసేసుకున్నారు."

"ఎందుకు? ఏం చేశాడాయన?"

"పోయిన నెల ఎనిమిదో నంబరు దగ్గర గ్యాసని అరిచి, పన్నెండుమందిని బయటికి లాగి కొలిమి ఆపించేశాడు సార్. మా పెద్దలొచ్చి మీ స్క్రీన్ చూస్తే పచ్చగా ఉంది, అబద్ధాలాడి పని ఆపాడని ఆ పూటే తీసేశారు."