ముందు వరసలో మనిషి

క్షారజలంలో రోజుల తరబడి నానిన ఎండుచేపను ముఖం చిట్లించకుండా మింగగలవారికే చట్టాలు చేసే అర్హత ఉంటుందన్న మహాసూత్రాన్ని రాజ్యాంగ నిర్మాతలు రాయడం మరచిపోయారు గాని, పశ్చిమ విస్కాన్సిన్ ప్రజలు మరచిపోలేదు.

అందుచేత వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న పశువుల డాక్టరు కారిన్ బ్రెక్కి, అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం, లూథరన్ చర్చి కింది హాలులో జరిగిన ఊరి విందులో, కరిగిన వెన్నలో తేలుతున్న లూటెఫిస్క్ అనే ఆ చేపను మారు వడ్డించుకుని మరీ తింది.

ప్రజాస్వామ్యం తృప్తిగా తల ఊపింది.

"వచ్చాడు," అన్నాడు ఆమె ప్రచార సారథి ట్రెంట్, పెదవులు కదపకుండా.

వేదికకు ఎదురుగా, అన్నిటికన్నా ముందు బల్ల దగ్గర, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

ఆ ప్రాంతంలో చర్చికైనా సభకైనా వెళ్ళినవారు వెనక వరసల కోసమే పోటీ పడతారు. ముందు వరసను దేవుడికీ, పరాయివారికీ వదిలేస్తారు.

పైగా ఆయన పళ్ళెంలో బంగాళదుంపలు తప్ప చేప లేదు.

"ఏ ఊరు పోయినా వీడే. క్రెయిగ్ లుండ్ పంపిన గూఢచారి," అన్నాడు ట్రెంట్. క్రెయిగ్ లుండ్ అంటే ప్రత్యర్థి.

"చేతిలో కెమెరా ఏదీ లేదుగా?"

"అదే నా అనుమానం. కెమెరాతో వచ్చేవాణ్ణి ఎవడైనా పోల్చుకుంటాడు. వీడు నీ నోటివంకే చూస్తూ కూర్చుంటాడు. ఒక్క మాట వదలడు. మనవాళ్ళు ఎవరన్నా అలా వింటారా?"

కారిన్ ఆలోచించింది. కాదనలేకపోయింది.

ఆమె విధానాలు ఆకాశమంత విశాలమైనవి. యుద్ధమొస్తే శాంతినీ, శాంతి ఉంటే సైన్యాన్నీ సమర్థించేవి. వైద్యం అందరికీ అందాలి, పన్ను ఎవరికీ పెరగరాదు. పాల ధర అమ్మేవారికి పెరగాలి, కొనేవారికి తగ్గాలి.

వీటన్నిటి నడుమ ఆమెకు నిజంగా సొంతమైన అభిప్రాయం ఒక్కటే ఉంది. వేల ఆవులను కట్టేసే పెద్ద కొట్టాల పేడనీరు భూమిలోకి ఇంకి, ఇళ్ళ బావులు చెడిపోతున్నాయి. ఆ కొట్టాలకు హద్దు పెట్టాలి.

ఆ మాట చెప్పడానికే ఆమె పోటీకి దిగింది. ఇవాళ చెప్పి తీరాలని వచ్చింది.

"వీడి ముందా?" అన్నాడు ట్రెంట్. "రేపటికల్లా టీవీలో వేస్తారు, డాక్టరమ్మ పాడి రైతు పొట్ట కొడుతుందని. ఇంకో చోట చెబుదువుగాని."

కారిన్ లేచి, వినసొంపుగా, ఏమీ చెప్పకుండా మాట్లాడింది.

చప్పట్లు ఆగాక ముసలాయన లేచాడు. హాలంతా అదిరేట్టు అడిగాడు.

"డాక్టరమ్మా, బావుల్లో నీళ్ళ సంగతి ఏమంటావు?"

కారిన్ ట్రెంట్ వంక చూసింది.

"అది చాలా సున్నితమైన విషయమండీ. అందరం కూర్చుని మాట్లాడుకోవాలి."

"కూర్చునే ఉన్నాంగా. నువ్వు చెప్పు."

"ముందు మీరేమనుకుంటున్నారో..."

"నేను పోటీ చెయ్యట్లేదమ్మా."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ట్రెంట్ వంటగది వైపు సైగ చేశాడు. విందుకు పెద్దదిక్కు ఆర్డిస్ వచ్చింది.

అక్కడ మనిషిని వెళ్ళిపొమ్మని ఎవరూ అనరు. అది మొరటుతనం. పక్కన కూర్చుని, తొడల మీద రెండు చేతులూ చరచి, 'సరే మరి' అంటారు.

ఆర్డిస్ తొడలు చరిచింది. "సరే మరి," అంది. వెండి కాగితంలో చుట్టిన దుంపరొట్టెల పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "దారిలో తిందువుగాని, పెద్దాయనా."

ముసలాయన పొట్లాన్ని చూశాడు. కారిన్‌ను చూశాడు.

"సరే మరి," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ట్రెంట్ చాలా హుషారుగా ఉన్నాడు.

నవంబరులో కారిన్ ఓడిపోయింది. మరీ పెద్ద తేడాతో కాదు.

ఓడినవారి మొదటి ధర్మం, ఊరూరా ఇళ్ళముందు పాతిన తమ పేరు బోర్డులను పీకి తెచ్చుకోవడం. అలా తిరుగుతూ కారిన్, ట్రెంట్ ఇద్దరూ నియోజకవర్గం అవతలి కొసకు చేరారు. అక్కడొక ఇంటివారు బోర్డు అడిగి తీసుకున్నారని కార్యకర్తలు చెప్పారు గాని, వాకిట్లో బోర్డేదీ లేదు. టపా పెట్టె మీద మాత్రం 'లుండ్' అని రాసి ఉంది.

గుమ్మం పక్కన, కొన్న మంచినీళ్ళ డబ్బాల వరస వెనక, ఆకుపచ్చ టోపీ ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"చూశావా? నే చెప్పలా?" అన్నాడు ట్రెంట్. ఓటమి తర్వాత అతని ముఖం వెలగడం అదే మొదటిసారి. "సాక్షాత్తూ క్రెయిగ్ తండ్రి."

దగ్గరికెళ్ళి పలకరించాడు. ముసలాయన ఉలకలేదు.

"గట్టిగా అడగండి," అంటూ లోపలినుంచి ఆయన భార్య లోయిస్ వచ్చింది. "పెదవులు కనపడాలి ఆయనకి. అందుకే ఎక్కడికెళ్ళినా ముందు వరసే."

ట్రెంట్ వదల్లేదు. "మా సభల కబుర్లన్నీ మీ అబ్బాయికి బాగానే మోసుకొచ్చారు."

"మా అబ్బాయికా?" అంది లోయిస్. "వాడు ఆగస్టు నుంచి మా గడప తొక్కితే కదా. బావినీళ్ళ దగ్గరే తగాదా పడింది తండ్రీకొడుకులిద్దరికీ. మన ఇంటి ముందే ఆవిడ బోర్డు పాతి నా పరువు తీస్తావా నాన్నా అని అరిచి పోయాడు."

కారిన్ నీళ్ళ డబ్బాల వంక చూస్తూ నిలబడింది.

లోయిస్ షెడ్డులోకి వెళ్ళి, మట్టి అంటిన ఇనుప చువ్వలతో సహా బోర్డు ఒకటి తెచ్చింది. దాని మీద 'డాక్టర్ కారిన్ బ్రెక్కి' అని పెద్ద అక్షరాలున్నాయి.

"మీ విందు నుంచి వచ్చిన సాయంత్రమే ఈయన పీకేశాడు. బోర్డు పట్టుకెళ్ళండి," అంది. "చువ్వలు మాత్రం ఉంచమంటున్నాడు, టమాటా మొక్కలకి."