బందెలదొడ్డి కుక్క

“అయ్యా, జర ఈ కుక్కను తీస్కపోండ్రి. లేకుంటె సంపుతరు.”

పెబ్బేరు సంతలో, దారి తప్పిన పశువులను పెట్టే బందెలదొడ్డి ముందు, ఒక ముసలామె భీమన్నకు అడ్డం వచ్చింది.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ ఎండాకాలం సంతలో గత్తర పుట్టింది. వాంతులు, విరేచనాలతో మనుషులు ఎక్కడివాళ్లక్కడ రాలిపోయారు. మిగిలినవాళ్లు పశువులను తోలుకుని పారిపోయారు. దిక్కులేక తిరుగుతున్న కుక్కలను దొడ్డిలోకి తోలారు. ఎవరూ తీసుకుపోకపోతే కొట్టి చంపుతామని దండోరా వేశారు.

భీమన్న గొర్రెపిల్లల మీద తోడేలు పడుతోంది. కుక్క కోసమే భార్య యాదమ్మను వెంటబెట్టుకుని శ్రీరంగాపూర్ దాటి వచ్చాడు.

“ఇది బక్కగున్నది. నాకు ఆ నల్లది కావాలె.”

“నల్లదాన్ని ఎవ్వరన్న అడుగుతరయ్యా. దీన్ని అడిగెటోళ్లు లేరు.”

యాదమ్మ దడి సందులోంచి చూసింది. ఎర్ర కుక్క. ఎవరివైపూ చూడకుండా మూలకు ముడుచుకుని ఉంది.

“దీని పేరేంది అవ్వా?”

“తెల్వదు బిడ్డా.”

“ఎవ్వరిది?”

ముసలామె కుక్క వైపు తిరిగింది.

“మంచిది బిడ్డా. శాన మంచిది,” అంది.

యాదమ్మ మనసు కరిగింది. ఎర్ర కుక్క మెడకు తాడు పడింది.

ఇంటికొచ్చిన కుక్క బండి కింద దూరింది. జొన్న గటక పెడితే మూతి తిప్పుకుంది. మజ్జిగ పోస్తే ఈగలు ముసిరాయి.

యాదమ్మ నోటికొచ్చిన పేర్లన్నీ పిలిచింది. ఒక్కదానికీ చెవి కదల్లేదు.

“గిట్లయితె సస్తది,” అన్నాడు భీమన్న.

“ఏం జెయ్యాలె మరి? దానికేం గావాల్నో నోరిడిసి చెప్పరాదు గద!”

కుక్క డొక్కలు లోపలికి పోయాయి. యాదమ్మకు తన గటకా సహించలేదు.

ఆ వారం సంతరోజున ముసలామె వాకిట్లోకి వచ్చింది. ఆ ఎండలో పెబ్బేరు నుంచి దారి అడుగుతూ నడిచే వచ్చింది.

“కుక్క ఎట్లున్నది బిడ్డా?”

“తింటలేదు అవ్వా.”

ముసలామె బండి కిందికి వంగి కూర్చుంది. కుక్క పాకుతూ వచ్చి ఆమె చీర కొంగు వాసన చూసింది. యాదమ్మ ఆమెకు పెట్టిన గటకలో సగం ఆమె చేతిలోంచే తినింది.

ఆమె లేచి వెళుతుంటే తాడు తెంపుకోబోయింది. మెడ ఒరుసుకుని నెత్తురొచ్చింది. పొద్దుగూకేదాకా బాట వైపే చూస్తూ మూలిగింది. మళ్లీ తిండి మానేసింది.

మళ్లీ సంతరోజు వచ్చింది. ముసలామె వచ్చింది. కుక్క తినింది. ఆమె వెళ్లింది. కుక్క మూలిగింది.

“ఆ అవ్వ కుక్క కోసం వస్తలేదు, కూటి కోసం వస్తుంది,” అన్నాడు భీమన్న.

“అట్లనకు. ముసల్ది.”

“కుక్క మనకు అలవాటుగావాల్నా వద్దా?”

యాదమ్మ కుక్క ముందున్న గిన్నె తీసుకుని కడగబోయింది.

మరుసటి సంతరోజు భీమన్న వాకిట్లోనే నిలబడ్డాడు.

“అవ్వా, నువ్వు వచ్చినప్పుడల్లా కుక్క పరేషాన్ అయితుంది. ఇంగ రాకు.”

ముసలామె రెండడుగులు వెనక్కి జరిగింది.

“దూరంకెళ్లి సూసి పోత అయ్యా. దాని కంట పడ.”

“దానికి వాసన తెలుస్తది. వద్దు.”

ఆమె యాదమ్మ వైపు చూసింది. యాదమ్మ తల వంచుకుంది.

“మీరు సాదుకుంటె సాలయ్యా,” అని ముసలామె వెనక్కి తిరిగింది. బండి కింద కుక్క అరుస్తూనే ఉంది. ఆమె మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

తర్వాతి రోజులు యాదమ్మకు నరకమయ్యాయి. పని కాగానే బండి పక్కన కూర్చునేది. మెడ పుండుకు పసుపు అద్దేది. తను ఒక ముద్ద తిని, ఒక ముద్ద దాని ముందు పెట్టేది. అది ముట్టకపోతే కళ్లు తుడుచుకునేది.

ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన దంచింది. కుక్క వణుకుతూ చూరు కిందికి వచ్చింది. కాసేపు నిలబడి, యాదమ్మ ఒడిలో తల పెట్టింది.

యాదమ్మ కదల్లేదు. మెల్లగా ముద్ద అందించింది. కుక్క తినింది.

“అగో, తింటుంది!” అని ఆమె ఏడుస్తూ నవ్వింది.

వారం తిరిగేసరికి అది యాదమ్మ వెంట చేనుకు పోవడం నేర్చింది. ఈ మాట ముసలామెకు చెప్పాలి. వచ్చి చూసిపొమ్మని పిలవాలి. సంతరోజు యాదమ్మ గబగబా పెబ్బేరు వెళ్లింది.

దొడ్డి ఖాళీగా ఉంది. మల్లయ్య అనే మనిషి దడి కంపలు సర్దుతున్నాడు.

“అన్నా, ఈడ కుక్కలకు కాపలా ఉండె అవ్వ ఏది?”

“కాపలా నేనే గదమ్మా. లింగమ్మను అడుగుతున్నవా? పోయింది.”

“ఎక్కడికి?”

“నల్లమల దిక్కు. ఏ పెంటనో ఏ గూడెమో, ఎవ్వలకు తెల్వదు. ఇన్ని దినాలు ఈడనే అడుక్కతిన్నది. ఇంగ ఈడ సూసెతందుకు ఏం లేదని పోయింది.”

యాదమ్మ దడి పట్టుకుంది.

“మా ఎర్ర కుక్క మంచిగ తింటుందని చెప్దామని వచ్చిన.”

మల్లయ్య చేతిలోని కంప కింద పెట్టాడు.

“దాన్ని నువ్వేనా తీస్కపోయింది? దాన్ని ఆమెనే ఎంట తోల్కపొమ్మన్న నేను. ‘నాకే కూడు లేదు, దానికన్న ఒక ఇల్లు దొరకనియ్యి’ అన్నది. ఎవ్వరిదో చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది.”

“ఎందుకు?”

“గత్తరల సచ్చినోని కుక్కంటె ఇంట్ల ఎవ్వరు పెట్టుకుంటరు? పసులు తోలెతందుకు వచ్చిన పిలగాడు. తల్లికి కబురంది ఆమె వచ్చెసరికె మన్ను కప్పినం.”

“ఏ తల్లికి?”

“లింగమ్మకే అమ్మా, ఆమె కొడుకు పానం ఇడిసినప్పుడు పక్కన ఉన్నది ఆ కుక్క ఒక్కటే.”