అరిగిన గుండు

"రాయి గుడక నీళ్ల మాదిరి తిరిగొస్తాదా?" దోసెపిండి రుబ్బుతున్న అంజినమ్మ రోట్లో గుండు ఆపేసింది.

"వస్తాది అత్తా! అరిగి మన్నయి, నేల అడుక్కి పోయి, మళ్లీ రాయయితాది. ఆవిరైన నీళ్లు రోజుల్లో వానై దిగుతాయి. రాయికి కోట్ల ఏండ్లు," అంది కోడలు సువర్ణ. చిక్కపేట బడిలో టీచరు ఉద్యోగమొస్తే మామ వద్దన్న దిగులు, పాఠం చెప్తుంటే ఎగిరిపోయింది.

"మరి ఈ గుండు సగం అరిగిపాయెనే. ఆ మన్ను యాడికి పాయె?"

ఇద్దరూ పిండి వైపు చూశారు.

"మీ మామ కడుపులోకే! ఇన్నేండ్ల దోసెలు! అందుకే ఎంత చెప్పినా కదలడు!"

సువర్ణ పడీపడీ నవ్వింది.

"అంజినీ!" అరుగు మీంచి మామ గొంతు. సువర్ణ నవ్వు ఆగిపోయింది. "నీకే అర్థమయ్యేటట్టు చెప్పిందంటే, పిల్లోళ్లకు చెప్పలేదా? రేపట్నించి బడికి పొమ్మను."

అంజినమ్మ కోడలి చెవిలో గుసగుసలాడింది.

"కోట్ల ఏండ్లంటివే తల్లీ! ఇంకా పెనమే పెట్టలేదు, రాయి కదిలె!"