అసిస్టెంట్

"షుగరున్న మనిషికి గ్లూకోజ్ ఎట్ల ఎక్కించినవ్, మామా?"

ఎల్బీనగర్‌లో తాను పనిచేసే ఆసుపత్రి వరండాలోనే జ్యోతిక అరిచింది. లోపల ఆమె చిన్నమ్మ కౌసల్యమ్మ స్పృహ లేకుండా పడి ఉంది; డాక్టర్ చూస్తున్నాడు.

"నీరసమన్నది. ఎక్కించిన," అన్నాడు అంతయ్య. ఏ డిగ్రీ లేకున్నా ఊరంతా డాక్టరని పిలిచే ఆర్‌ఎంపీ. తెలంగాణ బంద్‌తో బస్సుల్లేక, చౌటుప్పల్ అవతలున్న తమ ఊరి నుంచి ఆమెను ఆటోలో తెచ్చాడు.

"సర్కారు దవాఖానకు తీస్కపోవద్దా?"

"ఆడ కుర్చీ ఒక్కటే ఉన్నది, డాక్టర్ లేడు. నువ్వన్న రారాదు?"

"నేను చదివింది ఫిజిషియన్ అసిస్టెంట్ కోర్సు. డాక్టర్ లేకుండ ఒక్క గోలీ రాయొద్దు. ఊర్ల నాకు పోస్టే లేదు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నా తాన చెయ్యి మరి. నాక్కూడ అసిస్టెంట్ కావాలె."

ఆమెకు ఒళ్లు మండింది. "నీ కింద చెయ్యనీకేనా డిగ్రీ చదివింది?"

అంతయ్య గొంతు తగ్గింది. "సూది పట్టినప్పుడల్లా భయమైతది బిడ్డా. 'వద్దు మామా' అని చెయ్యి పట్టి ఆపేటోళ్లు మనూర్ల ఎవ్వలు లేరు."

తిట్టబోయిన జ్యోతిక లోపలి తలుపు తెరిచింది.

"లోపలికి రా," అంది విసుగ్గానే. "ముందుగాల షుగర్ ఎట్ల చూస్తరో చూపిస్త."