ఈ వయసులో సన్నబడి ఏం చేస్తాడు?

ముత్లఖ్ గొంతులోంచి కడుపులోకి గొట్టం దించుతున్నారు. గది బయట అతని భార్య లుల్వా దేవుణ్ణి వేడుకుంటోంది. ఆ గొట్టానికి ఏదో ఒకటి కనబడాలి. పుండో, వాపో. ప్రాణం మీదికి రాకూడదు గానీ, పొట్ట తగ్గించే ఆపరేషన్ మాత్రం ఆగిపోవాలి.

ఇప్పటిదాకా ఆమె మొర దేవుడు ఆలకించలేదు. రక్తపరీక్షలో వంక దొరకలేదు. గుండె గట్టిదన్నారు. ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. ఒక్కో పరీక్ష నెగ్గుతుంటే ముత్లఖ్ చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు.

యాభై దాటిన మనిషికి సన్నబడాలన్న పిచ్చి ఎందుకు పుట్టింది? కువైట్‌లో తెలిసినవాళ్ళంతా పొట్టలు కోయించుకుంటుంటే మగవాళ్ళు కబుర్లకు చేరే దివానియాలో కూర్చుని పగలబడి నవ్విన మనిషి. "చారెడు కడుపులో మచ్‌బూస్ ఎక్కడ పెడతార్రా?" అని ఏడిపించేవాడు. అలాంటిది కొన్ని నెలలుగా ఆ మాంసం పులావు పళ్ళెం వైపే చూడటం లేదు. సిగరెట్లు మానేశాడు. ఫోను మోగితే మేడ మీదికి పోతున్నాడు. లుల్వా వెనకే వెళ్తే ఠక్కున పెట్టేస్తున్నాడు.

పక్కనే కూర్చున్న ఆడపడుచు హెస్సా ఫ్లాస్కులోంచి టీ వంచింది.

"మా అన్నయ్యని అనుమానిస్తున్నానని కాదు వదినా. మన వీధిలో పొట్ట కోయించుకున్న మగాళ్ళు ఏం చేశారు? ఏడాది తిరక్కుండా రెండో కాపురం పెట్టారు."

"నోరు మూస్తావా హెస్సా?"

"నేను మూస్తే ఆగుతుందా? ఇదిగో, ఖర్జూరం... అయ్యో, నీకు వద్దు కదూ."

లుల్వా ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. పైన తొడుక్కున్న నల్ల అబాయా చేతిని ఎడమ మణికట్టు దాకా లాక్కుంది. దారిన పోతున్న నర్సు ఆమెను పేరు పెట్టి పలకరించింది. ఈ ఆసుపత్రిలో ఆమెను ఎరగని నర్సు లేదు.

ఈ మధ్య ఆమె అద్దంలో చూసుకోవడం మానేసింది. ముఖంలో కళ పోయింది, నిజమే. అంతమాత్రాన ఇన్నేళ్ళ కాపురం చేదైపోతుందా?

గొట్టం పరీక్ష కూడా నెగ్గాడు ముత్లఖ్.

ఇక మిగిలింది మానసిక వైద్యురాలు. ఆ వారంలోనే పిలిచారు. ముత్లఖ్‌తో మాట్లాడటం అయ్యాక, ఆవిడ లుల్వాను ఒక్కదాన్నే లోపలికి రమ్మంది.

"ఈ ఆపరేషన్ ఎందుకో మీవారు చెప్పే ఉంటారుగా?"

మొగుడు తన దగ్గర దాచాడని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడమా?

"చెప్పారు," అంది.

"అయితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆపరేషన్ తర్వాత నోరు కట్టుకోగలరా? దొంగతిండి అలవాటేమైనా ఉందా?"

ముత్లఖ్ ఇంట్లో తినేది ఉడకబెట్టిన కోడి, దోసకాయ ముక్కలు. అవి కూడా కొలుచుకుని తింటాడు.

"రాత్రిళ్ళు లేచి తింటారు," అంది లుల్వా. "ఫ్రిజ్ ఖాళీ చేసేస్తారు. అడిగితే విరుచుకుపడతారు. సిగ్గేసి మీకు చెప్పి ఉండరు."

రాస్తున్న డాక్టరు చెయ్యి ఆగిపోయింది.

ఆపరేషన్ ఆరు నెలలు వాయిదా వేశారు. ముందు తిండి మీద అదుపు రావాలట. ఆ తర్వాతే మిగతా మాట.

కారెక్కాక ముత్లఖ్ తాళం తిప్పలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి లుల్వాకు జాలేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

"ఆరు నెలలేగా! కొంప మునిగిందా?"

"ఆరు నెలలు ఆగే వీల్లేదు."

"ఎవరికి? ఎవరా మహాతల్లి? అంత తొందర ఎవరికొచ్చిందో నాకూ చెప్పండి!"

ముత్లఖ్ ఆమె ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని, అబాయా పైకి జరిపి, డయాలసిస్ సూది మచ్చల మీద బొటనవేలు ఆనించాడు.

"నీకే లుల్వా... ముందే చెబితే ఒప్పుకోవని దాచాను గానీ, ఇంత లావు మనిషి కిడ్నీ తీసి నీకు పెట్టలేం, తగ్గి రమ్మన్నారు."