మాట ఇచ్చినవాడు

సినిమా హాల్లో నేల టిక్కెట్టు వాళ్ళంతా నవ్వుతుంటే ఒక్క మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

తెరమీద మిలటరీ కథ. ఇద్దరు సిపాయిలు ప్రాణానికి ప్రాణంగా ఉంటారు. మగవాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాల్లా ఉన్నారని తోటి సిపాయిలు ఎగతాళి మొదలుపెడతారు. ఇద్దరిలో చిన్నవాడి చేతులకి గాజులు తొడిగి కంపెనీ అంతటి ముందూ నిలబెడతారు. మర్నాడు వాడు తుపాకీతో కాల్చుకుంటాడు.

గాజుల దగ్గర మొదలైన నవ్వు తుపాకీ పేలినా ఆగలేదు.

"ఏవండోయ్, చచ్చింది తమరి పెళ్ళామాండీ?" అన్నారెవరో ఆ ఏడ్చే మనిషిని.

హాలంతా మళ్ళీ గొల్లుమంది.

ఆడవాళ్ళ బెంచీ మీద వెంకటనరసమ్మ నవ్వలేదు. ఆవిడ కొడుకు మిలటరీలో పోయాడు. వాడు ఎలాంటి చోట బతికాడో కళ్ళతో చూద్దామని, చీరలు కొనాలని మొగుడితో అబద్ధమాడి గుండుగొలను నుంచి ఏలూరు వచ్చింది. తోడుకి తోటికోడలు అచ్చమ్మ వచ్చింది.

"కళ్ళు తుడుచుకో అక్కా. చీరలు కొన్న మొహంలా లేదు నీది. బావగారు పట్టేస్తారు" అంది అచ్చమ్మ.

సాయంత్రం ఏలూరు స్టేషన్లో ఇద్దరూ పాసింజరు కోసం కూర్చున్నారు. గుండుగొలనుకి భీమడోలులో దిగి వెళ్ళాలి. హాల్లో ఏడ్చిన మనిషే వాళ్ళ బెంచీ దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి.

"ఏవండీ, భీమడోలు బండి ఇక్కడికే వస్తుందాండీ?"

"ఇక్కడికే బాబూ. భీమడోలులో ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండి."

"సినిమాలో ఏడ్చింది నువ్వే కదూ? మిలటరీలో చేశావా?"

"చేశానండి. ఇప్పుడు లేను."

"ఏ కంపెనీలో?"

అతను చెప్పాడు. వెంకటనరసమ్మ చప్పున అతని చెయ్యి పట్టుకుంది.

"మా అబ్బాయిదీ అదే! గుండుగొలను వెంకట్రాజు. ఎరుగుదువా నాయనా?"

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. బెంచీ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఎరుగుదునండి."

"పోయాడని తంతి వచ్చింది. ఉరి పోసుకున్నాడని తరవాత తెలిసింది. ఎవడో సిపాయితో పేరు కలిపి అల్లరి చేశారట. ఆ సంగతి విన్నాక మా ఆయన ఇంట్లో వాడి పేరెత్తనివ్వలేదు. ఎవరూ వెళ్ళలేదు, దినం చెయ్యలేదు. కన్నకొడుకు దిక్కులేని శవమై పోయాడు."

"లేదమ్మా" అన్నాడతను. "ఇంటివాళ్ళు రారని పూడ్చేస్తామన్నారు. ఒకతను అడ్డంపడ్డాడు. తనే కొరివి పెట్టాడు. పదోరోజు ఏటి ఒడ్డున పిండం పెట్టాడు."

"కాకి ముట్టిందా?"

"చాలాసేపు ముట్టలేదండి. ఎండెక్కిపోయింది. ఏం కోరిక మిగిలిపోయిందో అతనికి తోచలేదు. చివరికి, 'మీ అమ్మని చూసి, నీకన్నీ సక్రమంగా జరిగాయని చెప్పొస్తాను' అని మాటిచ్చాడు. అప్పుడు వచ్చి ముట్టింది."

వెంకటనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కూడా ఎవరైనా వెళ్ళారా నాయనా?"

"ఎవరూ రాలేదండి. వస్తే ఆ నింద తమకీ అంటుకుంటుందని భయం. ఆ ఒడ్డున అతనొక్కడే."

"ఏ తల్లి కన్నబిడ్డో! నా కడుపున పుట్టకపోయినా వాడూ నా కొడుకే. పెళ్ళాం పిల్లలతో చల్లగా ఉండాలి."

అతని ముఖం విప్పారింది. ఏదో చెప్పబోయాడు.

"కొరివి పెట్టినవాడూ సిపాయే, మావాడితో పేరు కలిసిన ఆ ఇంకొకడూ సిపాయే" అంది వెంకటనరసమ్మ. "పీటలమీద కూర్చోవలసిన నా బిడ్డని కాటికి పంపాడు పాపిష్టోడు. ఎప్పుడైనా నా కంటబడితే మొహాన ఉమ్మేస్తాను."

"నేనైతే చెప్పు తీసుకు కొడతాను" అంది అచ్చమ్మ జంతిక నములుతూ.

అతను తల వంచుకున్నాడు.

"న్యాయమేనండి" అన్నాడు.

బండి వచ్చింది. అతను జనాన్ని తప్పించి వాళ్ళిద్దరినీ ఎక్కించాడు. మూట అందించాడు. కిందే నిలబడిపోయాడు.

"అదేం బాబూ, నువ్వెక్కవూ? భీమడోలు వెళ్ళాలన్నావుగా?"

"ఆ పని అయిపోయిందండి."

"ఇక్కడ కూర్చునే అయిపోయిందా? చోద్యంగా ఉందే!" అని నవ్వింది అచ్చమ్మ.

వెంకటనరసమ్మ కిటికీలోంచి వంగింది.

"నాయనా, ఆ మాట ఇచ్చినతను నీకెక్కడైనా కనబడితే మా ఊరు రమ్మను. మా ఆయన ఏమన్నా సరే, నా చేత్తో అన్నం పెడతాను. చెబుతావు కదూ?"

"చెబుతానండి" అన్నాడతను. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

బండి కదిలింది.

అచ్చమ్మ ఇంకో జంతిక తీసి, నోట్లో పెట్టుకోకుండా ఆగింది.

"అక్కా, ఒడ్డున అతనొక్కడే ఉన్నాడన్నాడు కదా. కాకితో అన్న మాట ఇతను ఎలా విన్నాడు?"

వెంకటనరసమ్మ ఒళ్ళోని మూట పక్కన పెట్టింది.

నిందకి జడిసి కంపెనీ అంతా దూరం జరిగిన శవం పక్కన జడవకుండా నిలబడగలిగినవాడు ఎవడై ఉంటాడు?

ఆవిడ లేచి తలుపు దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే ఏలూరు వెనకబడిపోయింది. బయటంతా చేలు.

"ఏమైందక్కా?"

"అన్నం పెడతానన్నదీ వాడికే అచ్చమ్మా, మొహాన ఉమ్ముతానన్నదీ వాడినే."