మూడు చాలు

“మూడు కత్తిరించి ఇవ్వు తమ్ముడూ, చాలు,” అంది టైలరమ్మ, ఖాళీ మాత్రల అట్ట చూపిస్తూ.

మందుల షాపతను కత్తెర అందుకున్నాడు.

“చీటీ ఉందా తల్లీ?”

గుమ్మం పక్కన కూర్చున్న ముసలాయన. వచ్చినవాళ్ళనల్లా అదే అడుగుతాడు. వీధిలో అందరికీ ఆయన చీటీ తాత.

“ఇంట్లో ఉంది,” అని అబద్ధమాడింది. అది పోయినేడాది డాక్టరు రాసిన మందు, ఆ చీటీ ఎప్పుడో పోయింది.

“ఎవరికమ్మా?”

“మా చెల్లెలికి.”

“ఏమైంది?”

టైలరమ్మకి ఒళ్ళు మండింది. మూత్రంలో మంట అని నడివీధిలో ఈయనకి చెప్పాలా? డాక్టరుకి చెప్పడానికే చెల్లెలు సిగ్గుతో చచ్చిపోతుంది.

“మీకెందుకండీ? మీరేమన్నా డాక్టరా?”

“కాదు తల్లీ. కానీ మూడు మాత్రలకి క్రిములన్నీ చావవు. మిగిలినవి మొండికెక్కుతాయి. రేపు ఏ మందుకీ లొంగవు.”

“మూడో మాత్రకే తగ్గిపోతుంది దానికి. తగ్గాక కూడా మింగడానికి అవేమన్నా చాక్లెట్లా?”

షాపతను కిసుక్కున నవ్వాడు.

తాత నవ్వలేదు. “ఒక్కసారి పరీక్ష చేయించమ్మా. నీకు దణ్ణం పెడతాను.”

“దారికి అడ్డం లేవండి ముందు,” అనేసి వచ్చేసింది.

ఆ ఏడాదిలో ఇంకో నాలుగుసార్లు వెళ్ళింది, తాత భోజనానికి పోయే వేళ చూసుకుని.

నాలుగోసారి తెచ్చిన మాత్రలకి మంట తగ్గలేదు. వణుకుతూ జ్వరం వచ్చింది. రెండో రోజుకి చెల్లెలు మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ల్యాబు కాగితం ముందు పెట్టింది. పదిహేను మందుల పేర్లు.

“ఇవేవీ పనిచేయవమ్మా. రక్తంలోకి పాకిపోయింది. చివరి మందొకటి ఎక్కిస్తున్నాం. దాని మీద కూడా ఆశ పెట్టుకోకండి.”

చెల్లెలు కళ్ళు తెరవకుండానే గొణిగింది. “అక్కా, ఇంకో మాత్రుందా?”

టైలరమ్మ బయటికి వచ్చేసింది. నడుస్తూ నడుస్తూ మందుల షాపు దగ్గర తేలింది.

“తాతేడి తమ్ముడూ?”

“పోయి పది రోజులైందక్కా. నిద్రలోనే పోయాడు.”

ఆమె గోడకి చేరగిలబడింది.

“అంతమందిలో ఆయనొక్కడే చెప్పాడు. అయినా డాక్టరు కాదన్నాడే. మరి ఎవరాయన?”

షాపతను తల దించుకున్నాడు.

“ఈ షాపు ఆయనదేనక్కా. నాకమ్మేటప్పుడు ఒక్కటే అడిగాడు, బతికున్నన్నాళ్ళూ ఇక్కడ కూర్చోనివ్వమని. కన్నకూతురికి ఒంట్లో బాగోనప్పుడల్లా, ‘డాక్టరు దాకా ఎందుకులే, నేను లేనా’ అని ఈ అరల్లోంచే చేతికందిన మాత్రలు పట్టుకెళ్ళి మింగించి, చివరికి ఏ మందూ పనిచేయక ఆ పిల్లని పోగొట్టుకున్నాడు.”